కాలేజీలో మిగిలిన ఒకే ఒక్క మచ్చ

లోకాన్ని మార్చేయగల ఆ దీపం సంగతి మొట్టమొదట కనిపెట్టినవాళ్లు శాస్త్రజ్ఞులు కారు. పశువైద్య కళాశాల హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న రెండో సంవత్సరం విద్యార్థులు. ముక్క నోట్లో పెట్టుకుని, నమలడానికి దవడలు బిగించేలోపే అది దానంతటదే గొంతు దిగిపోయింది. ఆ హాస్టల్లో మాంసం అలా దిగడం అంతవరకూ ఎవరూ ఎరగరు. వేటమాంసం వండిన రోజున సాయంత్రం దాకా దవడలు పట్టుకుని తిరగడమే అక్కడి ఆనవాయితీ.

"సత్తిపండన్నా! ఇది ముక్కా, వెన్నముద్దా?" అని అరిచాడొకడు.

వంటమనిషి సత్తిపండు పదిహేడేళ్లుగా ఆ గదిలో తిట్లు తప్ప మరో మాట వినలేదు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ముందు అనుమానంగా చూసి, ఎవరూ వెక్కిరించడం లేదని తేల్చుకున్నాక ఛాతీ విరిచాడు.

"ఏవుందండీ, చెయ్యి తిరగాలి. అంతే!"

తిరిగింది సత్తిపండు చెయ్యి కాదని ఆ ఊళ్లో తెలిసిన మనిషి ఒక్కడే. కణజాల విభాగంలో టెక్నీషియన్ తాతబ్బాయి. ఆ సంగతి అతనికి కూడా సోమవారం పొద్దున గానీ తెలియలేదు.

తాతబ్బాయికి యాభై ఏడేళ్లు. జంతువుల గుండె, కార్జం, తిల్లి, మూత్రపిండాల్లోంచి గోరంత ముక్క తీసి, మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టించడం అతని పని. ముప్ఫై నాలుగేళ్లుగా అదే. మాంసం కొట్టు మస్తాను రోజూ పొద్దున అవయవాలు పంపేవాడు. ప్రయోగశాలకి కావలసింది గోరంతే కనక, మిగిలినదంతా వెనక వరండా మెట్టు మీద మూతగిన్నెలో పెట్టేవారు. సత్తిపండు వచ్చి ఆ గిన్నె పట్టుకుపోయేవాడు. ఈ ఏర్పాటు ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఎంతమంది ప్రిన్సిపాళ్లు మారినా, ఆ గిన్నె ఎక్కడికి పోతోందని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఆదివారం కూర ఆగిపోతుందని వాళ్లకీ తెలుసు.

సోమవారం ప్రొఫెసర్ కరుణకుమారి వస్తూనే ఖాళీ పళ్లెం ముందు నిలబడిపోయారు.

"తాతబ్బాయిగారూ, నా పొట్టేలేదీ?"

"ఏ పొట్టేలండీ?"

"పన్నెండేళ్ల ముదురు పొట్టేలు. గుండెకాయ, తొడకండ, బోటి. శనివారం నుంచీ మన కొత్త నీలి దీపం కింద పెట్టాను. ముట్టుకోవద్దని చెప్పాను కూడా."

తాతబ్బాయి ఖాళీ పళ్లెం కేసి చూశాడు. చెప్పారు. నిజమే. కానీ ఆదివారం పొద్దున తాళం తీసేసరికి చెయ్యి అలవాటు చొప్పున పళ్లెం ఎత్తింది, గిన్నెలో వంచింది, మూత పెట్టింది. బుర్రని అడగలేదు.

"మేడంగారండీ..." అన్నాడు నేలకేసి చూస్తూ, "హాస్టల్లో ఎనభై రెండు మంది మీ ప్రయోగాన్ని శానా మెచ్చుకున్నారండీ."

ఆవిడ కేకలేస్తారని భుజాలు దగ్గరకి లాక్కున్నాడు. ఆవిడ కేకలెయ్యలేదు. నెమ్మదిగా కుర్చీలో కూలబడి, "మెత్తగా ఉందటా?" అన్నారు.

"నవల్లేదంటండీ. మింగడం కూడా వాళ్లు మింగలేదంట. అదే ఎల్లిపోయిందంట."

అదృష్టవశాత్తూ పళ్లెం అంచున ఒక గోరంత గుండె ముక్క అంటుకుని ఎండిపోయి మిగిలింది. తాతబ్బాయి దాన్ని పట్టకారుతో అపురూపంగా ఎత్తి, మైనంలో పోసి, కోసి, ఎర్ర రంగు పట్టించి, మర్నాడు మైక్రోస్కోపు కింద పెట్టాడు.

వాళ్లిద్దరూ ఎన్నో ఏళ్లుగా చూస్తున్నది ఒకే పదార్థాన్ని, కొలాజెన్‌ని. ఒంట్లో ప్రతి అవయవాన్నీ విడిపోకుండా కట్టి ఉంచే పోగు అది. అందులో రకాలున్నాయి. మొదటి రకం పడవ మోకులా గట్టిది. మూడో రకం లేత అరటినారలాంటిది. దెబ్బ తగిలినప్పుడు ముందు లేతనార పరుగెత్తుకొస్తుంది. తరవాత మెల్లిగా మోకు దాని చోటు ఆక్రమిస్తుంది. మచ్చ గట్టిపడేదీ, ముసలి మాంసం సాగేదీ అందుకే. రంగు పట్టించిన ముక్కని ప్రత్యేకమైన గాజుల మధ్య జల్లెడ పట్టిన వెలుతురులో చూస్తే మోకు నారింజ రంగులో మండుతుంది, లేతనార ఆకుపచ్చగా మెరుస్తుంది.

పన్నెండేళ్ల పొట్టేలు గుండె నారింజ నిప్పుల కుంపటిలా ఉండాలి. తాతబ్బాయి కన్ను పెట్టి చూస్తే, ఆషాఢంలో నారుమడిలా ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పచ్చన.

"మేడంగారూ, ఇది పొట్టేలు కాదండీ. నిన్న పుట్టిన పిల్లండీ."

"పొట్టేలే," అన్నారు కరుణకుమారి. "మన నీలి దీపం దాన్ని వెనక్కి నడిపించింది."

ఇలాంటి వార్త పెద్ద పత్రికల్లో రావాలి. ఆ కాలేజీలో మాత్రం అది కూర ద్వారా వచ్చింది. మరుసటి ఆదివారం ముక్క మళ్లీ చెప్పు అట్టలా సాగేసరికి విద్యార్థులు సత్తిపండు మీద విరుచుకుపడ్డారు. ఒకసారి పొగడ్త రుచి చూసిన మనిషి ఆకలికి ఓర్చుకుంటాడు గానీ తిట్లకి ఓర్చుకోలేడు. అతను సరాసరి ఒక ముదురు మేక తొడని సంచిలో వేసుకుని ప్రయోగశాలకి వచ్చాడు.

"గురూగారూ, ఏదో దీపవంట. కూసింత సేపు దీన్ని పడుకోబెట్టండి."

"మేడంగారు చంపేత్తారురా."

"ఆవిడ భోజనానికెళ్లారు. నే చూసే వచ్చాను."

తాతబ్బాయికి ఒక జబ్బుంది. ఎదుటి మనిషి మొహం చూస్తూ కాదనలేడు. తొడని దీపం కింద పెట్టాడు. దీపం వేడిగా ఉందో లేదో చూడాలని సత్తిపండు తన ముంజేయి కూడా దాని పక్కనే పెట్టి, ఊరి కబుర్లలో పడి తియ్యడం మర్చిపోయాడు. పదిహేడేళ్ల నూనె చిందులు, ఆవిరి బొబ్బలు, గాడిపొయ్యి వాతలు అన్నీ ఆ చేతి మీదే ఉండేవి. గంట గడిచాక చూస్తే ఒక్కటీ లేదు. నల్లగా, నున్నగా, అప్పుడే స్నానం చేయించిన పసివాడి చెయ్యిలా ఉంది.

ఆ తరవాత ఎవరాపగలరు? తాళంచెవి తాతబ్బాయి దగ్గర, తాతబ్బాయి కాదనలేడు. క్యాషియర్ స్ఫోటకం గుంటలు పోయాయి. వ్యాయామం మాస్టారి మోకాలి చెక్కులు పోయాయి. దొంగని వెంటాడుతుంటే తగిలిందని ప్రిన్సిపాల్‌గారు పాతికేళ్లుగా చెప్పుకుంటున్న నుదుటి గాటు కూడా పోయింది. అది సైకిల్ మీంచి పడ్డప్పటిదని ఆయన భార్యే అందరికీ చెప్పేస్తూండటంతో, ఉంచుకునీ లాభం లేదనుకున్నారు. లైబ్రేరియన్ మాత్రం చెవి దగ్గరి చిన్న గీత కోసం వచ్చి, దీపం కిందే నిద్రపోయాడు. లేచేసరికి చెవి తమలపాకులా ముందుకి వాలిపోయింది. అది మళ్లీ గట్టిపడే దాకా, రెండు వారాలు, పుస్తకాల అట్టలకి పెట్టే క్లిప్పు పెట్టుకుని తిరిగాడు.

కరుణకుమారి నెత్తి కొట్టుకున్నారు. "ఇది మందు తాతబ్బాయిగారూ, మంగలి కొట్టు కాదు. లోతు తెలీకుండా వాడితే మంచి పోగులు కూడా కరుగుతాయి." తాళంచెవి ఆవిడే తీసుకున్నారు. అప్పటికే కాలేజీలో మచ్చ అన్నది దాదాపు అంతరించిపోయింది.

ఆఫీసు సూపరింటెండెంట్ భీమశంకరానికి అప్పుడు మెలకువ వచ్చింది. ప్రతి ఉద్యోగి సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీలో గుర్తింపు చిహ్నాలని రెండు గీతలుంటాయి. పదో తరగతి సర్టిఫికెట్ నాటి నుంచీ ప్రతివాడూ మోసుకొచ్చే రెండు గీతలు. ఒక పుట్టుమచ్చ, ఒక దెబ్బ మచ్చ. ఆయన రిజిస్టర్లన్నీ ముందేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి చూస్తే, దాదాపు అందరూ తాము తాము కారని తేలింది.

"ఎడమ మోకాలిపై మచ్చ అని ఉంది. ఏదండీ?" అన్నాడు వ్యాయామం మాస్టారిని.

"పోయిందిగా భీమశంకరం, నీకు తెల్సుగా!"

"నాకు తెలిస్తే చాలదండి. రిజిస్టరుకి తెలియాలి. మీరు మీరేనని రుజువేంటి?"

"ఇరవయ్యేళ్ల నుంచి నీ పక్క బల్ల మీదే కారియర్ విప్పి తింటన్నాను కదయ్యా!"

"తింటన్నదెవరో ఇప్పుడెలా చెప్పగలం?" అన్నాడు భీమశంకరం, ఎంతో బాధగా.

ఇంత జరిగినా తాతబ్బాయి తన చెయ్యి మాత్రం దీపం కిందికి పోనివ్వలేదు. స్విచ్చి వేసేటప్పుడు కూడా ఎడమ చేత్తోనే వేసేవాడు. కుడి ముంజేతి మీద నాలుగంగుళాల మచ్చ ఉంది అతనికి.

అది అరిసెల పాకం. పెళ్లయిన మూడో నెలలో వరాలు మొదటిసారి సొంతంగా పాకం పట్టింది. ముదిరిందో లేదో చూడమని గరిటెతో పట్టుకొచ్చి, గడప తట్టుకుని, అతని చేతి మీద పోసింది. అతను అరవడం కన్నా ముందు ఆమె అరిచింది. పుండు మానాక నలభై రోజులు, రాత్రి భోజనాలయ్యాక, పక్కన కూర్చుని కొబ్బరినూనెతో బొటనవేలు పెట్టి రుద్దింది. రుద్దినంతసేపూ తిట్టింది. పాకం చూడమంటే చెయ్యెవరు చాపమన్నారని.

వరాలు పోయి నాలుగేళ్లయింది. ఫొటోలున్నాయి. కానీ ఫొటోగ్రాఫరు ముందు వరాలు ఎప్పుడూ ఊపిరి బిగబట్టేది, అందుకని ఫొటోల్లో ఉన్నావిడ ఎవరో అధికారిణిలా ఉంటుంది. సాయంత్రం అన్నం పొయ్యి మీద పడేసి, రేడియో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి ఎడమ బొటనవేలితో ఆ మచ్చని తడిమితే మాత్రం వరాలు తిట్లు వినిపించేవి. ఆ తిట్లతో అతనికి రోజు గడిచేది.

అప్పుడే పైనుంచి ఉత్తరం వచ్చింది. దీపాన్ని మనుషుల వైద్యానికి వాడాలంటే నిపుణుల కమిటీ వచ్చి చూడాలి. కాలేజీ ఉద్యోగి ఒకరికి, ఎప్పటిదో ఎలా వచ్చిందో రికార్డులో ఉన్న పాత మచ్చ ఒకటి, కమిటీ కళ్లముందు పోవాలి. అది జరగకపోతే దీపాన్ని మూట కట్టి అటక మీద పెట్టేయాలి.

ఉత్తరం చదివి ప్రిన్సిపాల్‌గారు నుదురు తడుముకున్నారు. గాటు లేదు. క్యాషియర్ బుగ్గ తడుముకున్నాడు. కాలేజీ మొత్తం ఒళ్లు తడుముకుని, చివరికి అందరి కళ్లూ తాతబ్బాయి ముంజేతి మీద వాలాయి.

అంతవరకే అయితే అతను తప్పించుకునేవాడే. కానీ నూకరత్నం ఉంది.

నూకరత్నం సత్తిపండు చెల్లెలు. కాలేజీ గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకుంది. తొమ్మిదేళ్ల కిందట గ్యాసు పొయ్యి భగ్గుమని మెడంతా కాలింది. ప్రాణం దక్కింది గానీ, మానిన చర్మం మోకులా బిగుసుకుని గడ్డాన్ని ఛాతీకి కట్టేసింది. అప్పట్నుంచీ తల ఎత్తలేదు. మనుషుల్ని పాదాల్ని బట్టి గుర్తుపట్టేది. "రండి తాతబ్బాయిగారూ, ఎడం చెప్పు తెగేలా ఉంది, చూస్కోండి" అనేది. ఆమెని దీపం కింద కూర్చోబెట్టమని సత్తిపండు కాళ్లావేళ్లా పడితే, కరుణకుమారి కళ్లనీళ్లు పెట్టుకుని కాదన్నారు. మెడలో ఊపిరి గొట్టం, రక్తనాళాలు ఉన్నాయి. రోజుకింత చొప్పున, ఆసుపత్రి డాక్టర్ల సమక్షంలో చెయ్యాలి. కమిటీ ఒప్పుకుంటే తప్ప ఏ డాక్టరూ రాడు.

సత్తిపండు తాతబ్బాయిని ఏమీ అడగలేదు. ఆ వారం రోజుల్లో మూడుసార్లు పులస పులుసు తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అడగడం కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది. పులస దొరికే రోజులు కావవి. దేని తలకో పులస వేషం వేయించి ఉంటాడు, పాపం.

ఒకరోజు పొద్దున ఇడ్లీ పొట్లం కడుతూ నూకరత్నమే ఆ మాట ఎత్తింది.

"మా అన్నయ్య మిమ్మల్నేవన్నా అడిగాడాండీ?"

"లేదమ్మా."

"అడుగుతాడండి. ఇవ్వకండి."

"అదేంటే!"

"మచ్చల సంగతి నాకూ కూసింత తెల్సండీ. కొన్ని పోవాలి, కొన్ని ఉండాలి. మీది ఉండాల్సిన రకం. పొట్లం కోసం నుంచున్నంతసేపూ ఎడం చేత్తో దాన్ని నిమురుకుంటారు. మీ మొహం నాకు తెలవదు గానీ మీ చేతులు తెలుసు కదండీ."

తాతబ్బాయి చటుక్కున ఎడమ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయినా పైకి చూత్తే ఏవుందండీ? కాకులు." ఆమె నవ్వింది. గడ్డం కదలకపోవడంతో నవ్వు ఛాతీలోకే పోయింది.

"ఏదో ఒకటి చూడాలని ఉండదా నీకు?"

నూకరత్నం చట్నీ గరిటె ఆపి ఆలోచించింది.

"మా అన్నయ్యకి బట్టతల వచ్చేసిందని అందరూ అంటన్నారండీ. ఆడు కాదంటన్నాడు. అదొక్కటీ తేల్చుకోవాలండి."

తాతబ్బాయి ఇడ్లీ పొట్లం విప్పకుండానే కరుణకుమారి గదిలోకి వెళ్లాడు. సత్తిపండు తల గత ఆరేళ్లుగా బోర్లించిన ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది. ఒక చెల్లెలికి ఆ మాత్రం నిజం తెలియకుండా పోవడం అతనికి నచ్చలేదు.

"మేడంగారూ, చెయ్యి కడుక్కొచ్చానండీ. ఆ కమిటీవోళ్లని రమ్మనండి."

ఆవిడ వెంటనే సంతోషపడలేదు. అందుకు ఆవిడని అతను ఎన్నటికీ మర్చిపోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకో రెండు రోజులు ఆలోచించుకోండి," అన్నారు.

"ఆలోచిత్తే మానేత్తానండీ."

కమిటీ రోజున ప్రిన్సిపాల్‌గారు జీడిపప్పు ఉప్మా, పూతరేకులు, కాఫీ ఏర్పాటు చేశారు. ముగ్గురు వచ్చారు. అధ్యక్షుడు పెద్దాయన, బరువైన మనిషి, వస్తూనే పూతరేకుల పళ్లెం పక్క కుర్చీ ఎంచుకున్నాడు. తాతబ్బాయి చెయ్యి బల్ల మీద పెట్టాడు. చర్మం కొయ్యకుండానే లోపలి పోగుల్ని తెర మీద చూపించే కొత్త మైక్రోస్కోపు తలని కరుణకుమారి మచ్చ మీదికి దించారు.

తెర మీద నారింజ రంగు నిండింది. ఆవిడ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. చక్రం తిప్పి, బొమ్మ పెద్దది చేసి, ముందుకి వంగారు.

"తాతబ్బాయిగారూ, దీన్ని ఎవరన్నా రుద్దేవారా?" అన్నారు గొంతు తగ్గించి.

"ఎందుకండీ?"

"మచ్చలో పోగులు చిక్కుపడ్డ కొబ్బరిపీచులా ఉంటాయి. ఎన్ని చూశాం మనం! ఇది చూడండి, దువ్వినట్టుంది. ఒకే వాలు, మోచేతి వైపుకి. మధ్యలో మెత్తగా నొక్కు. లేతనారగా ఉన్నప్పుడే ఎవరో రోజూ బొటనవేలితో సర్దిపెట్టారు."

తాతబ్బాయి తెరకేసి చూశాడు. ముప్ఫై నాలుగేళ్లలో కొన్ని వేల గాజుపలకలు చూసిన కన్ను అది. ఆవిడ చెప్పక్కర్లేదు, అతనికే కనిపిస్తోంది. ఉదయపు ఎండలో పండిన వరిచేను గాలికి ఒకవైపు వాలినట్టు వరసలు వరసలుగా పోగులు. మచ్చని పైనుంచి తడుముతూ వచ్చాడు గానీ, లోపల వరాలు ఇంత పని చేసి పెట్టిందని అతనికి తెలియదు. తెలిసింది ఇవాళ.

"మా ఆవిడండీ. నలభై రోజులు."

కరుణకుమారి స్విచ్చి మీంచి వేలు తీసేశారు. "వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం. దీపం పాడయిందని చెప్తాను. నా మీద పెట్టుకుంటాను."

తాతబ్బాయి తెర మీంచి కన్ను తిప్పలేదు.

"బొమ్మ తీసి ఇస్తాను, ఇంట్లో పెట్టుకుందురు గాని," అన్నారావిడ మళ్లీ.

"బొమ్మని తడవలేం కదండీ," అన్నాడు. తరవాత, "కానివ్వండి. వరాలుంటే ఈపాటికి నన్ను తిట్టేసును. ఆడపిల్ల మెడ ఎత్తలేక చత్తా ఉంటే నీకు చెయ్యి ముద్దొచ్చిందా అని."

నీలి వెలుతురు పడింది. నొప్పి లేదు. ముందు అంచుల్లో నారింజ మసకబారింది. వరసలు ఒక్కొక్కటే వదులయ్యాయి, ఒకదాని మీద ఒకటి వాలాయి, పచ్చగా మారాయి. ఇరవై నిమిషాలు. కరుణకుమారి ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో అతని భుజం పట్టుకుని ఉన్నారు. ఎవరూ అలా చెయ్యమని ప్రయోగ పద్ధతిలో రాయలేదు.

తెర అంతా పచ్చబడింది. చెయ్యి నున్నగా ఉంది.

అధ్యక్షుడు పంచదార పొడి దులుపుకుంటూ లేచి వచ్చాడు. "ఊఁ, మొదలుపెడదామా? మచ్చేదీ?"

కరుణకుమారి తెర వైపు చూపించారు.

"అయిపోయిందండీ," అన్నారు కరుణకుమారి.

"అయిపోవడమేంటి? నేను చూడందే! మొదటినుంచీ మళ్లీ చెయ్యండి."

"మళ్లీ చెయ్యడానికి మచ్చ లేదండీ. కాలేజీలో మిగిలింది అదొక్కటే."

"తెర మీద బొమ్మలున్నాయి సార్," అన్నాడు కమిటీలో కుర్ర సభ్యుడు.

"బొమ్మలకేమయ్యా, ఈ రోజుల్లో ఏనుగు ఎగురుతున్నట్టు కూడా చూపిస్తారు. ఈ చేతి మీద మచ్చ ఉందని నమ్మకమేంటి?"

తాతబ్బాయికి కోపం తెలియదు. అప్పుడు తెలిసింది. సత్తిపండు కిటికీ బయట గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. భీమశంకరం. చంకలో ఎర్రగుడ్డ అట్ట రిజిస్టరు.

"అయ్యా, తమరు ఇది చిత్తగించాలి," అని బల్ల మీద పరిచాడు. "గుబ్బల తాతబ్బాయి. గుర్తింపు చిహ్నం ఒకటి, ఎడమ బొటనవేలి మీద పుట్టుమచ్చ. రెండు, కుడి ముంజేతిపై నాలుగంగుళాల కాలిన మచ్చ. ఇదిగో ముద్ర. ఇదిగో ఈయన ఉద్యోగంలో చేరిన నాటి ప్రిన్సిపాల్ సంతకం. ఏటా తనిఖీ చేసి నేను పెట్టిన పొడి సంతకాలు ఇరవై రెండు. చివరిది ఇవాళ పొద్దున పది గంటల అయిదు నిమిషాలకి, ఈయన చెయ్యి చూసి, కొలిచి పెట్టాను."

అధ్యక్షుడు రిజిస్టరు చూశాడు, చెయ్యి చూశాడు, మళ్లీ రిజిస్టరు చూశాడు. ముద్ర మీద వేలు పెట్టి గీకాడు. రంగు అంటలేదు. ఆయన మొహంలో భక్తి కనిపించింది.

"రిజిస్టరులో ఉంది, చేతి మీద లేదు. అంటే పోయినట్టే," అన్నాడు. "బ్రహ్మాండమైన రుజువు! ముందే చూపించొచ్చు కదా, ఆ తెరలూ అవీ ఎందుకు?" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం తాతబ్బాయి అన్నం పొయ్యి మీద పడేసి, రేడియో పెట్టి, కుర్చీలో వాలాడు. ఎడమ బొటనవేలు దాని దారిన అది వెళ్లింది. ఆగవలసిన చోట ఆగలేక జారి మణికట్టు దాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ జారింది. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. కాసేపటికి సత్తిపండు కారియర్‌తో వచ్చాడు. దండం పెట్టలేదు, కృతజ్ఞతలు చెప్పలేదు. రెండు కంచాలు కడిగి, అన్నం వడ్డించి, తనూ కూర్చున్నాడు. ముక్క గట్టిగా ఉంది. ఇద్దరూ చాలాసేపు నమిలారు. ఆ నమలడంలో మాట్లాడే అవసరం రాకపోవడం తాతబ్బాయికి ఎంతో మేలయింది.

నూకరత్నం వైద్యానికి మూడు నెలలు పట్టింది. గడ్డం వేలెడు వేలెడు చొప్పున లేచింది. మొదటి వారం మోకాళ్లు కనిపించాయంది. "అబ్బో, ప్రిన్సిపాల్‌గారి ప్యాంటుకి మాసికుందండోయ్!" తరవాత బెల్టులు, ఆ తరవాత చొక్కా జేబులు, వాటి మీది సిరా మరకలు. ఊళ్లో మగవాళ్లు బండి దగ్గరకి ఉతికిన చొక్కాలతో రావడం మొదలుపెట్టారు. ఒక మంగళవారం మధ్యాహ్నం ప్రయోగశాలలో దీపం ఆర్పగానే ఆమె తల ఎత్తి, ఎదురుగా నిలబడ్డ అన్నయ్యని చూసింది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఈసారి గది పైకప్పు దాకా పోయింది. సత్తిపండు రెండు చేతులతో తల కప్పుకుని ఏడ్చాడు.

అంతా అయ్యాక భీమశంకరం మళ్లీ పని మొదలుపెట్టాడు. ఉద్యోగులందరికీ కొత్త గుర్తింపు చిహ్నాలు కావాలి. మచ్చలు లేవు కనక అందరూ పుట్టుమచ్చల వేటలో పడ్డారు. ప్రిన్సిపాల్‌గారి వీపు క్యాషియర్, క్యాషియర్ మెడ ప్రిన్సిపాల్‌గారు వెతుక్కుంటూ స్టాఫ్ గదిలో విద్యార్థుల కంటపడ్డారు కూడా.

తాతబ్బాయి వంతు వచ్చింది.

"బొటనవేలి మీది పుట్టుమచ్చ ఒకటి. రెండోది చెప్పండి," అన్నాడు భీమశంకరం.

"లేదండీ."

"అలా కుదరదు. రెండు గీతలున్నాయి, రెండూ నిండాలి."

"మీరే ఆ రోజు నా చెయ్యి కొలిచారు కదండీ. దయచేసి ఒక్కదాంతో సరిపెట్టేయండి."

"మీ మీద నాకున్న గౌరవం వేరు, గీత వేరు," అన్నాడు భీమశంకరం. అయినా పెన్ను పక్కన పెట్టి, "సర్లెండి, ముందు సంతకం పెట్టండి, గీత సంగతి తరవాత చూద్దాం," అన్నాడు. ఆ మనిషి అంత దూరం రావడం గొప్పే.

తాతబ్బాయి బల్ల మీదికి వంగాడు. టిఫిన్ ఇవ్వడానికి వచ్చిన నూకరత్నం అప్పటిదాకా గది కప్పునీ, పంకానీ, మూలల్లో బూజునీ, గోడ మీద బల్లినీ తనివితీరా చూస్తూ ఉంది. ఆ మధ్య ఆమె ఏదీ వదలడం లేదు. ఇప్పుడు వంగిన తాతబ్బాయి తల మీద పడింది చూపు.

"తాతబ్బాయిగారూ, కదలకండి! కుడి చెవి వెనకాల ఎర్ర పుట్టుమచ్చ ఉందండీ మీకు. గురివింద గింజంత. ఎంత ముద్దుగా ఉందో!"

"నాకా?"

భీమశంకరం కళ్లజోడు సవరించుకుని, లేచి వచ్చి, చెవి ముందుకి మడిచి చూశాడు. స్కేలు పెట్టి కొలిచాడు. "ఉంది. కాదనడానికి లేదు," అని కూర్చుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

తాతబ్బాయి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. చేతికి ఏమీ తగలలేదు. పుట్టుమచ్చ చర్మంతో సమంగా ఉంది, చూసేవాళ్లకి తప్ప దొరకదు. అక్కడే వేలు ఆగింది. ఆదివారాలు తలకి నూనె పెట్టేటప్పుడు వరాలు మొదటి చుక్క ఎప్పుడూ అక్కడ పెట్టేది. అక్కడ వేలు పెట్టి, ఒక్క క్షణం ఆగి, కిసుక్కున నవ్వేది. ఏంటే అంటే, ఏం లేదనేది. ముప్ఫై ఒక్క ఏళ్లు. ఎన్ని ఆదివారాలు!

"ఇన్నేళ్లొచ్చి ఇంత మచ్చ ఎవరూ చూడలేదటండీ?" అన్నాడు భీమశంకరం, అద్దుడు కాగితం నొక్కుతూ.

"ఒకావిడ చూసిందండీ," అన్నాడు తాతబ్బాయి. అతనికి నవ్వు ఆగడం లేదు. "నాకు చెప్పలేదు, అంతే."